తెరకు అటువైపు

రాయపురంలో, రైలు పట్టాల పక్క సందులో
ఒకప్పుడు ఎండుమిరప బస్తాలు దాచిన గోడౌన్ మాది.
అద్దెకు తీసుకుని నాలుగేళ్లు.
రెండుసార్లు సున్నం కొట్టించినా
తెర మీద ఎవరైనా ఏడ్చేలోపే
మొదటి వరసలో ఎవరో ఒకరు తుమ్ముతారు.

శనివారం ఆరున్నరకు ఆట.
టికెట్టు లేదు, గుమ్మం దగ్గర బిస్కెట్ల డబ్బా ఉంటుంది, వేస్తే వేస్తారు.
హాళ్లవాళ్లు ఎప్పుడో మరిచిపోయిన బొమ్మలు మావి:
గుర్రం వంతెన దాటనంటే
మూడు రోజులు ఊరంతా ఆగిపోయే బొమ్మ,
అద్దె కట్టలేని గడియారాల రిపేరువాడు
కొట్లో గడియారాలన్నీ ఆపేసి కూర్చునే బొమ్మ.
వచ్చేది పదకొండు మంది.
వాన పడితే పద్నాలుగు.

గోడౌన్ మరీ పొడుగు. అందుకని తెర గోడకు కాదు,
నట్టనడుమ దూలానికి కడతాం.
తెరంటే ఏముంది,
షామియానాల వాడి దగ్గర బేరమాడి తెచ్చిన పలచటి తెల్లగుడ్డ.
దాని వెనక
చీపుళ్లు, కాలు విరిగిన కుర్చీలు, ఒంటి పొయ్యి,
పెంచలమ్మ.

పొద్దున కార్పొరేషన్ వీధులు, సాయంత్రం మాకు టీ.
తాతల నాడు గూడూరు దాటి వచ్చిన ఇంటి మనిషి.
అరవం గడగడా మాట్లాడుతుంది,
కోపం, లెక్క మాత్రం తెలుగులోనే.
నాలుగేళ్లుగా ప్రతి బొమ్మా చూసింది,
అటువైపు నుంచి.

అక్కడ అందరూ ఎడమచేత్తో అన్నం తింటారు.
సిపాయిలు ఎడమచేత్తో సలాం కొడతారు.
ఊరు విడిచి వెళ్తున్న రైలు
మాకు కుడికి పోతే ఆమెకు ఎడమకు పోతుంది.
ఒకసారి తెలుగు బొమ్మ వేస్తే, పాత నలుపు తెలుపు,
పేర్లు పడుతుండగా గుడ్డ వెనక
కూడబలుక్కుని చదువుతున్న గొంతు!
తిరగబడ్డ అక్షరాలు ఎలా చదివావంటే,
"సున్నాకి కుడీ ఎడమా లేదు గదా అబ్బయ్యా,
ఆడ పట్టుకుంటే మిగతాయి అయ్యే వస్తాయి."

బొమ్మ అయ్యాక చర్చ తప్పదు.
వెలుగునీడల సంగతి ఆర్కిటెక్టు దయాళన్ చెబుతాడు.
మౌనం గురించి కాలేజీ మేడం అరగంట మాట్లాడతారు.
ఆ రాత్రి టీ గ్లాసులు తెచ్చిన పెంచలమ్మ
మధ్యలో అడ్డొచ్చి,
"అందరూ ఎడమచెయ్యే గదా, ఆ ముసిలాయన
కుడిచేత్తో గెడియ పెట్టినాడే,
పెండ్లాం పోయినాకనేనా?" అంది.

వెనక్కి తిప్పి చూశాం.
నిజమే. మా వైపు నుంచి అది ఎడమచెయ్యి.
కుడిచేతి నిండా
ఆమె శాలువా ఉంది.

మరుసటి శనివారం మంచి కుర్చీ ఏరి
ముందు వరసలో కూర్చోబెట్టాం.
పది నిమిషాలు. లేచి వెళ్లిపోయింది.

"ఈడైతే మీరు అడ్డం అబ్బయ్యా.
ఆడైతే మీరు బొమ్మలో ఉంటారు.
గొడుగాయన రోజూ ఆలస్యంగా వచ్చి
పడవ ఎక్కతాడు, ఒకోసారి జైల్లోకి పోతాడు.
మేడం జుట్టు ముడేసుకుంటే
కొండ మీద ఇంకో కొండ లేస్తది.
నువ్వయితే అన్నిట్లో ఉండావు.
గుర్రం కాడ ఉండావు, గెడియారాల కొట్లో ఉండావు.
వంగుకోని వంగుకోని
పోతానే ఉంటావు, యాడికో."

వైరు వదులైతే నేనే. ఫ్యాను తగ్గించాలన్నా నేనే.
ఎవరికీ అడ్డం కాకూడదని
నడుం వంచి, దొంగలాగా.
నూట ఎనభై బొమ్మలు.
ఒక్కదాంట్లోనూ నా పేరు పడలేదు,
తిరగబడి కూడా.

ఈ శనివారం
ఎవరో ఒకామె ఒడ్డున కూర్చుని
రాని నావ కోసం వలలు కుట్టే బొమ్మ.
సగంలో సౌండు గరగరలాడింది.
లేచాను.
అప్పుడే పక్కన బీచ్ స్టేషన్ బండి పోతోంది,
తెరతో పాటు సముద్రం వణుకుతోంది.
అలవాటుగా వంగబోయి,
చొక్కా సర్దుకున్నాను.
జేబులోంచి దువ్వెన తీశాను.

వెనక వరసలోంచి ఎవరో,
"ఉక్కారుంగ సార్!"